తిత్తిని కదలించు చేయి: ఛాతీ లోపములు గల పిల్లల శ్వాసను చూపు చిత్రములు

కమ్మరి కొలిమి యొద్ద కొంతసేపు నిలిచి చూచినవారికి తిత్తి పనితీరు తెలియును. తిత్తి ఎంత మంచి తోలుతో కుట్టినదైనను తనంతట తాను గాలి నూదజాలదు. దానిని తెరచి మూయుటకు ఒక చేయి కావలెను. ఆ చేతి బలమును తిత్తికి అందించుటకు సరియైన చట్రము కావలెను. చేయి సడలినను, చట్రము బిగిసిపోయినను, తోలు ఎంత గట్టిదైనను కొలిమిలో నిప్పు రాజుకొనదు.

తెలుగున శ్వాసకోశమునకు ఊపిరితిత్తి అని పేరు. పోలిక చక్కగా సరిపోవును. ఊపిరితిత్తులు స్పంజి వంటి మెత్తని అవయవములు. తమంతట తాము విచ్చుకొనుటకు తగిన కండరములు వానికి లేవు. చుట్టునున్న ఉరఃపంజరము వెడల్పగునప్పుడు, క్రిందనున్న ఉదరవితానము దిగునప్పుడు, అవి విచ్చుకొని గాలిని లోనికి గ్రహించును. కనుక ఊపిరితిత్తులలో ఏ రోగమును లేకున్నను, ఛాతీ గోడ కదలని బిడ్డకు ఊపిరి చాలదు.

ఇట్టి బిడ్డలు కొందరు పుట్టుకతోనే కలరు. కొందరిలో ఈ లోపము ఎదుగుచున్నకొలది బయటపడును. వీరి సంఖ్య జలుబు, దగ్గులతో బాధపడు పిల్లల సంఖ్యవలె పెద్దది కాదు. కాని వీరి విషయమున కాలము మిక్కిలి విలువైనది. బాల్యమున జరుగవలసిన ఊపిరితిత్తుల పెరుగుదల జరుగకపోయినచో, పిమ్మట దానిని పూర్తిగా రాబట్టుట దుర్లభము. బిడ్డ ఛాతీలో ఏ భాగము కదలుచున్నదో, ఏ భాగము కదలుట లేదో కనుగొనుటకు వైద్యశాస్త్రము ఇటీవల సాధించిన మార్గమును గురించియు, ఆ విషయమున తల్లిదండ్రులు చేయదగిన పనిని గురించియు ఈ వ్యాసమున వివరింపబడినది.

ఛాతీ ఎట్లు పనిచేయును?

ఉరఃపంజరమున 12 జతల పక్కటెముకలు కలవు. అవి వెనుక వెన్నెముకతో కీళ్లుగా కలిసియుండును. పైనున్న జతలు ముందుభాగమున మృదులాస్థి ద్వారా రొమ్ముటెముకను అంటియుండును. బొక్కెనకు వ్రేలాడు పిడిని పైకెత్తినప్పుడు అది ప్రక్కకు ఎడమైనట్లు, ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకలు పైకి లేచి ప్రక్కలకు విస్తరించును. దీనివలన ఛాతీ వెడల్పగును.

ఛాతీకిని ఉదరమునకును నడుమ గొడుగువలె పరచుకొనియున్న కండరపు పొరయే ఉదరవితానము. ఇది బిగిసినప్పుడు గొడుగు క్రిందికి దిగి, ఛాతీ నిడివి పెరుగును. నెమ్మదిగా ఊపిరి పీల్చునప్పుడు అధికభాగము పనిని చేయునది ఈ ఉదరవితానమే.

పసిబిడ్డ విషయమున ఇది మరింత నిజము. పెద్దవారి పక్కటెముకలు ఏటవాలుగా నుండును. పసిబిడ్డ పక్కటెముకలు దాదాపు అడ్డముగా నుండును. కనుక వానిని పైకెత్తినను లాభము స్వల్పము. పసిబిడ్డ నిద్రించునప్పుడు పొట్ట లేచి పడుచుండుట ప్రతి తల్లియు చూచినదే. అది ఉదరవితానము చేయుచున్న పని. బిడ్డ నిలువబడి, నడచి, ఎదుగుచున్నకొలది పక్కటెముకలు క్రిందికి వాలి, తమ వంతు పనిని స్వీకరించును.

ఛాతీ పెరుగుదల వేగము గూడ గమనింపదగినది. పెద్దవారి ఛాతీ ఘనపరిమాణమును 100 భాగములుగా లెక్కించినచో, పుట్టిన బిడ్డ ఛాతీ సుమారు 6 భాగములు మాత్రమే. 5వ ఏట అది సుమారు 30 భాగములు, 10వ ఏట సుమారు 50 భాగములు అగును. ఊపిరితిత్తులలోని సూక్ష్మమైన గాలిగదులు గూడ బాల్యపు తొలి సంవత్సరములలోనే మిక్కిలి వేగముగా వృద్ధి చెందును. ఇల్లు చిన్నదైనచో అందులోని సామాను పెరుగుటకు తావుండదు. అట్లే ఛాతీ పెరుగనిచో ఊపిరితిత్తులకు పెరుగుటకు చోటు చిక్కదు.

ఛాతీ లోపములు ఏవి?

కొందరు శిశువులలో గర్భమునందే కొన్ని పక్కటెముకలు ఒకదానితో నొకటి అతుకుకొనిపోవును. కొందరిలో కొన్ని ఎముకలు ఏర్పడనే ఏర్పడవు. వెన్నుపూసలు సగము మాత్రమే ఏర్పడుట, రెండు మూడు కలిసిపోవుట, దానివలన వెన్నెముక ప్రక్కకు వంగుట కలదు. 1955లో ఫ్రాన్సుదేశపు వైద్యుడు జ్యూన్ వర్ణించిన వ్యాధిలో పక్కటెముకలు మిక్కిలి పొట్టివగుటచే, ఛాతీ గంట ఆకారమున ఇరుకైపోవును. మరికొందరిలో ఎముకలు సక్రమముగానే యున్నను, వానిని కదలించు కండరములు జన్యుదోషముచే బలహీనమగును.

మన దేశమున మరువరాని కారణము మరొకటి కలదు. అది రికెట్స్. విటమిన్ డి, కాల్షియము చాలనప్పుడు ఎముకలు మెత్తబడును. ఊపిరి పీల్చునప్పుడు మెత్తని పక్కటెముకలు లోనికి లాగబడి, ఛాతీ క్రిందిభాగమున ఒక గాడి ఏర్పడును. రొమ్ముటెముక పావురపు రొమ్మువలె ముందుకు పొడుచుకొనివచ్చుటయు సంభవించును. దీనిని తొలిదశలో గుర్తించి, తగిన విటమిను, కాల్షియము వైద్యుని సలహాపై ఇచ్చినచో మంచి గుణము కనబడును.

ఛాతీ ఆకారమున కనబడు ప్రతి తేడాయు ప్రమాదకరము కాదని గూడ చెప్పవలెను. రొమ్ము నడుమ చిన్న గుంట గల పిల్లలలో అనేకులు సామాన్యముగా ఆడుకొని పెరుగుదురు. భయపడవలసినది ఆకారమును చూచి కాదు; పనిలో లోపమును చూచి. ఈ భేదమును స్పష్టపరచినవారు అమెరికాలోని సాన్ ఆంటోనియో నగరపు ఎముకల శస్త్రవైద్యులు రాబర్ట్ క్యాంప్‌బెల్. సామాన్య శ్వాసకు గాని, ఊపిరితిత్తుల పెరుగుదలకు గాని ఛాతీ తోడ్పడలేని స్థితిని ఆయనయు, ఆయన సహచరులును 2003లో ఒక ప్రత్యేకమైన వ్యాధిస్థితిగా వర్ణించిరి. దీనిని తెలుగున ఛాతీ అసమర్థత అని చెప్పవచ్చును. ఈ నిర్వచనమున రెండు భాగములు కలవు: నేటి ఊపిరి, రేపటి పెరుగుదల. బిడ్డ నేడు ఎట్లో ఊపిరి పీల్చుచున్నంత మాత్రమున క్షేమమని తలపరాదు.

నిశ్చల చిత్రము చెప్పలేనిది

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలో రాంట్జెన్ ఎక్స్-కిరణములను కనుగొనెను. నాటినుండి ఛాతీ లోపలి ఎముకలను చూచుటకు అదియే ప్రధాన సాధనము. వెన్ను ఎన్ని డిగ్రీలు వంగినదో, ఏ పక్కటెముకలు అతుకుకొన్నవో ఎక్స్-రే చిత్రమున తేటగా కనబడును. కాని అది ఒక్క క్షణపు చిత్రము. నిలిచియున్న ఎద్దును చూచి అది కుంటునో లేదో చెప్పుట ఎట్లు కష్టమో, నిశ్చలమైన ఛాతీ చిత్రమును చూచి అది ఎట్లు కదలునో చెప్పుటయు అట్లే కష్టము.

కదలికను చూడవలెనను తలంపు క్రొత్తది కాదు. ఎక్స్-కిరణములు కనుగొనబడిన ఒకటి రెండేండ్లకే బోస్టను నగరమున ఫ్రాన్సిస్ విలియమ్స్ అను వైద్యుడు మెరయు తెరపై రోగుల ఛాతీని చూచుచు, క్షయ సోకిన వైపున ఉదరవితానము తక్కువగా దిగుచున్నదని గుర్తించెను. అయితే తెరపై చూచుచున్నంతసేపును కిరణములు శరీరమున ప్రవేశించుచునే యుండును. ఎదుగుచున్న బిడ్డల కణములకు వీనివలన కలుగు హాని పెద్దవారికంటె హెచ్చు.

అటుపిమ్మట వచ్చిన సి.టి. స్కాన్ ఊపిరితిత్తుల ఘనపరిమాణమును చక్కగా కొలువగలదు. కాని సామాన్యమైన ఛాతీ ఎక్స్-రేకంటె దీని కిరణ మోతాదు అనేక రెట్లు అధికము. ఛాతీ లోపము గల బిడ్డను ఒక్కసారి పరీక్షించి విడుచుట కుదరదు; పెరుగుచున్నన్ని సంవత్సరములును పదేపదే చూడవలెను. అన్నిసార్లు సి.టి. తీయుట మేలు కాదు.

ఊపిరిని కొలుచు స్పైరోమీటరు అను యంత్రము కలదు. బిడ్డ గట్టిగా ఊపిరి పీల్చి గొట్టములోనికి ఊదినచో, ఎంత గాలి వచ్చినదో అది చెప్పును. అయితే సుమారు 5, 6 ఏండ్ల లోపు పిల్లలు చెప్పినట్లు ఊదలేరు. ఊదగలిగినను ఆ యంత్రము రెండు వైపుల మొత్తమును మాత్రమే చెప్పును. కుడివైపు ఎంత, ఎడమవైపు ఎంత, పక్కటెముకల పని ఎంత, ఉదరవితానము పని ఎంత అను ప్రశ్నలకు సమాధానమీయజాలదు. శస్త్రవైద్యునకు కావలసినవి ఆ సమాధానములే.

కదలు చిత్రము

ఈ కొరతను తీర్చుటకు అయస్కాంత అనునాద చిత్రణము, అనగా ఎం.ఆర్.ఐ., ముందునకు వచ్చినది. ఇందు ఎక్స్-కిరణములు లేవు. శరీరమున నీరు సమృద్ధిగా నున్నది. ఆ నీటిలోని హైడ్రోజన్ కేంద్రకములు బలమైన అయస్కాంత క్షేత్రమున రేడియో తరంగములకు స్పందించును. ఆ స్పందనను గ్రహించి యంత్రము చిత్రమును నిర్మించును. ఈ విధమున చిత్రము తీయవచ్చునని 1973లో పాల్ లాటర్‌బర్ చూపెను. ఆయనకును, పీటర్ మాన్స్‌ఫీల్డునకును 2003లో నోబెల్ బహుమానము లభించినది.

1977 జూలై 3వ తేదీన రేమండ్ డమాడియన్, ఆయన సహాయకులు మానవ శరీరమునకు తొలి ఎం.ఆర్.ఐ. చిత్రమును తీసిరి. అది ఛాతీ చిత్రమే. ఆ ఒక్క పొరను చిత్రించుటకు దాదాపు 5 గంటలు పట్టెను. అంతసేపులో మనిషి కొన్ని వేల సార్లు ఊపిరి పీల్చును. నేటి యంత్రములు ఒక్క పొర చిత్రమును సుమారు అర సెకనులో తీయగలవు. కాలము ఇంతగా తగ్గుటచేతనే ఊపిరి కదలిక చిత్రమునకు చిక్కినది.

ఊపిరితిత్తులు ప్రధానముగా గాలితో నిండియుండుటచే ఎం.ఆర్.ఐ. చిత్రమున నల్లగా కనబడును. లోపలి సూక్ష్మ భాగములను చూడదలచినవారికి ఇది పెద్ద లోపము. కాని కదలికను కొలువదలచినవారికి అదియే అనుకూలమైనది. నల్లని ఊపిరితిత్తి చుట్టు కండరము, కొవ్వు తెల్లగా అంచు కట్టినట్లుండును. ఆ అంచు ఎక్కడనుండి ఎక్కడికి జరిగినదో చూచిన చాలును.

ఈ మార్గమున ప్రధానమైన కృషి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున జరిగినది. రాబర్ట్ క్యాంప్‌బెల్ 2008లో ఆ నగరపు పిల్లల ఆసుపత్రికి వచ్చెను. ఆ నగరముననే గల పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున చిత్రములను గణకయంత్రములచే విశ్లేషించు బృందమునకు నాయకుడు జయరాం కె. ఉడుప. ఈయన 1976లో బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ నుండి డాక్టరేటు పొందిన శాస్త్రజ్ఞుడు. ఒకరి ప్రశ్నకు వేరొకరి విద్య తోడైనది.

వారి పద్ధతి యిట్టిది. బిడ్డ యంత్రమున వెల్లకిల పరుండి తనకు తోచినట్లు ఊపిరి పీల్చుచుండును. ఊపిరి బిగపట్టనక్కరలేదు, నోట గొట్టము పెట్టనక్కరలేదు. యంత్రము ఛాతీ కుడి అంచు నుండి ఎడమ అంచు వరకు, రొట్టెను ముక్కలుగా కోసినట్లు, పొరలు పొరలుగా చిత్రములు తీయును. సుమారు 40 చోట్ల, ఒక్కొక్క చోట 80 వరకు చిత్రములు తీయుదురు. ఒక్కొక్క పొర చిత్రణము ముగియులోపల బిడ్డ పది పన్నెండు మారులు ఊపిరి పీల్చి విడుచును. మొత్తము మీద 3,000కు పైబడిన చిత్రములు చేరును.

అయితే ఒక పొర చిత్రము ఒక ఊపిరిలోను, ప్రక్క పొర చిత్రము మరియొక ఊపిరిలోను తీసినవి. వానిని కలుపుట యెట్లు? ఇచ్చట గణకయంత్రము పనికివచ్చును. ఒక్కొక్క చిత్రము ఊపిరి పీల్చు దశలోనిదో, విడుచు దశలోనిదో అది గుర్తించును. నిట్టూర్పులు, దగ్గులు వంటి వింత ఊపిరులను విడిచి, సామాన్యమైన ఊపిరులను ఎన్నుకొని, అన్ని పొరలను దశలవారీగా కూర్చును. తుదకు ఒక పూర్తి శ్వాసను నిడివి, వెడల్పు, లోతులతోబాటు కాలక్రమమున గూడ చూపు ఛాతీ రూపము సిద్ధమగును. బిడ్డ యంత్రమున నుండవలసిన కాలము సుమారు అరగంట.

పిమ్మట ఊపిరి పూర్తిగా విడిచినప్పటి ఊపిరితిత్తి అంచును, పూర్తిగా పీల్చినప్పటి అంచును గీసి, రెండింటి నడుమ భేదమును కొలుతురు. ఆ భేదమే ఒక శ్వాసలో లోనికి చేరిన గాలి. దానిని కుడి, ఎడమలుగా విభజింతురు. ఒక్కొక్క వైపున ఛాతీ గోడ జరుగుటచే వచ్చినది ఎంత, ఉదరవితానము దిగుటచే వచ్చినది ఎంత అని మరల విభజింతురు. కొలిమి తిత్తిని ఏ చేయి ఎంత కదలించినదో ఈ విధముగా విడివిడిగా లెక్కకు వచ్చును.

కొలత తెలిసినంత మాత్రమున చాలదు. ఆ వయసు బిడ్డకు ఎంత ఉండవలెనో తెలియవలెను. అందుచే ఆ పరిశోధకులు ఆరోగ్యవంతులగు పిల్లల ఛాతీ చిత్రములను గూడ ఇదే పద్ధతిన సేకరించి, వయసుతోబాటు కదలిక ఎట్లు మారునో నమోదు చేయుచున్నారు. తూకపు రాయి లేక త్రాసు నిష్ప్రయోజనము గదా!

చిత్రము నిర్ణయమునకు ఎట్లు తోడ్పడును?

ఉదాహరణమునకు, ఎడమవైపు 4 పక్కటెముకలు అతుకుకొని పుట్టిన నాలుగేండ్ల బాలికను ఊహింపవచ్చును. ఆమె వెన్ను ప్రక్కకు వంగుచున్నది. తోటిపిల్లలతో పరుగెత్తినచో త్వరగా అలసి కూర్చుండును. బరువు పెరుగుట లేదు. వెన్ను వంపు డిగ్రీలను మాత్రమే చూచినచో, వెన్నును నిటారుగా చేసి అతికించిన చాలునని తోచును.

20వ శతాబ్దమున చాలకాలము ఇట్లే తలచిరి. పొడవుగా పెరిగి వంకరయగు వెన్నుకంటె, పొట్టిదైనను నిటారైన వెన్ను మేలని భావించి, చిన్న వయసుననే వెన్నుపూసలను అతికించు శస్త్రచికిత్స చేయుచుండిరి. అతికిన పూసలు ఇక పెరుగవు. పూసలు పెరుగనిచో ఛాతీ నిడివి పెరుగదు. అట్లు చికిత్స పొందిన పిల్లలను పెరిగిన పిదప పరీక్షించి డాలస్ నగరపు వైద్యులు 2008లో తమ పరిశీలనను ప్రచురించిరి. ఛాతీ వెన్ను ఎత్తు 18 సెంటీమీటర్లకంటె తక్కువగా నిలిచిపోయినవారిలో ఎక్కువమందికి ఊపిరి సామర్థ్యము ఉండవలసిన దానిలో సగము గూడ లేదు. వెన్ను చక్కబడినది; ఊపిరి చిక్కిపోయినది.

క్యాంప్‌బెల్ వేరొక మార్గమును ఎన్నుకొనెను. 1980ల దశకపు చివరి భాగమున ఆయనయు, ఆయన సహచరుడు మెల్విన్ స్మిత్తును సాన్ ఆంటోనియోలో టైటానియం లోహముతో పొడిగింపదగిన పక్కటెముకను రూపొందించిరి. అతుకుకొన్న పక్కటెముకలను వేరుచేసి, మూసుకొనిపోయిన వైపును తెరచి, ఈ లోహపు కడ్డీని అమర్తురు. బిడ్డ పెరుగుచున్నకొలది, సుమారు 6 మాసములకొకసారి చిన్న శస్త్రచికిత్సతో దానిని పొడిగింతురు. 2004లో అమెరికా ప్రభుత్వపు ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి నిచ్చినది. క్యాంప్‌బెల్ 2018లో మరణించెను.

ఇట్టి చికిత్స సులభమైనది కాదు. ఏండ్ల తరబడి పలుమారులు శస్త్రచికిత్స అవసరము. గాయము చీము పట్టుట, కడ్డీ స్థానము తప్పుట వంటి ఇబ్బందులు కలవు. కనుక ఏ బిడ్డకు అవసరమో, ఏ వైపున అవసరమో, చేసిన పిమ్మట మేలు కలిగినదో లేదో తెలియవలెను. పైన చెప్పిన బాలిక కదలు చిత్రమున రెండు విధములైన ఫలితములు రావచ్చును. ఎడమవైపు పక్కటెముకలు కదలకున్నను, ఆ వైపు ఉదరవితానము చక్కగా దిగుచున్నచో, చోటు కల్పించిన ఊపిరితిత్తి విచ్చుకొనునను ఆశ కలదు. ఉదరవితానము గూడ కదలనిచో, ఎముకలను మాత్రము తెరచుటవలన ఆశించినంత ఫలము రాకపోవచ్చును; వైద్యులు మరల ఆలోచింపవలెను. ఎక్స్-రే చిత్రమున ఈ రెండు స్థితులును ఒకే రీతిని కనబడవచ్చును.

2019లో ఫిలడెల్ఫియా పరిశోధకులు ఈ కదలు చిత్రపు కొలతలను శస్త్రచికిత్సకు ముందును, తరువాతను పిల్లలలో తీసి పోల్చి, రేడియాలజీ అను వైద్యపత్రికలో ప్రకటించిరి. వెన్ను వంపు ఎన్ని డిగ్రీలు తగ్గినదను ప్రశ్నకు తోడు, ఊపిరి ఎంత పెరిగినదను ప్రశ్నకు గూడ భాగములవారీగా సమాధానము చెప్పవచ్చునని ఇందువలన తేలినది.

పద్ధతికి గల పరిమితులు

ఏ యంత్రమును సర్వజ్ఞము కాదు. బిడ్డ పరుండి ఊపిరి పీల్చు తీరు వేరు. నిలిచి పరుగెత్తునప్పటి తీరు వేరు. చిన్నపిల్లలు ఇరుకైన యంత్రమున అరగంట కదలక యుండుట కష్టము. మత్తు ఇచ్చినచో కదలకుందురు గాని, మత్తు ఊపిరి తీరునే మార్చివేయును. అందుచే సాధ్యమైనంతవరకు బిడ్డకు ముందుగా నచ్చజెప్పి, మెలకువగా నున్నప్పుడో, సహజనిద్రలోనో చిత్రము తీయుట మేలు. యంత్రము చేయు పెద్ద శబ్దమునకు బిడ్డ జడియకుండ చెవులను కప్పుదురు. శరీరమున లోహపు కడ్డీలున్నచో వాని సమీపమున చిత్రము చెదరును. కొన్ని రకముల లోహములు, యంత్రపరికరములు ఆ అయస్కాంతమునకు ప్రమాదకరము గూడ. కనుక బిడ్డ శరీరమున లోగడ అమర్చిన ప్రతి వస్తువును గూర్చి తల్లిదండ్రులు ముందుగా తప్పక తెలుపవలెను.

చిత్రములు తీయు యంత్రము అనేక నగరములలో ఉన్నను, వేల చిత్రములను కూర్చి కొలుచు ఈ విధానము ప్రధానముగా పరిశోధనా కేంద్రములకు చెందినది. కనుక దీనికొరకు వేచియుండి బిడ్డ చికిత్సను ఆలస్యము చేయరాదు. ఎక్స్-రే, ఉదరవితానమును చూపు అల్ట్రాసౌండ్ పరీక్ష, రక్తమున ప్రాణవాయువు కొలత మొదలగు సాధనములతో అనుభవజ్ఞుడైన వైద్యుడు చాల సంగతులు గ్రహింపగలడు. అల్ట్రాసౌండునందు గూడ హానికర కిరణములు లేవు.

యంత్రము లేనిచోట

క్యాంప్‌బెల్ నేర్పిన ఒక పరీక్షకు రెండు చేతులు తప్ప మరేమియు అక్కరలేదు. వైద్యుడు బిడ్డ వెనుక కూర్చుండి, రెండు అరచేతులను ఛాతీ క్రిందిభాగమున ఇరుప్రక్కల ఆనించి, బొటనవ్రేళ్లను వెన్నెముకకు ఇరువైపుల సమదూరమున నుంచును. బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు బొటనవ్రేళ్లు రెండును వెన్నునుండి దూరముగా జరుగవలెను. ఒక్కొక్కటి 1 సెంటీమీటరుకంటె ఎక్కువ జరిగినచో కదలిక బాగున్నది. అర సెంటీమీటరు మాత్రమే జరిగినచో తగ్గినది. ఏ మాత్రమును జరుగనిచో ఆ వైపు ఛాతీ గోడ పనిచేయుట లేదు. చిన్న గ్రామపు ఆరోగ్యకేంద్రమున గూడ ఈ పరీక్ష చేయవచ్చును.

తల్లిదండ్రులు అంతకంటె ముందే కొన్ని సంగతులు గమనింపగలరు. బిడ్డ నిద్రించునప్పుడు చొక్కా తొలగించి, వెలుతురున ఒక నిమిషముసేపు ఛాతీని చూడవలెను. రెండు వైపులును సమముగా లేచుచున్నవా? పొట్ట పైకి లేచునప్పుడు ఛాతీ లోనికి పోవుచున్నదా? ఒక భుజము రెండవదానికంటె ఎత్తుగా నున్నదా? ముందుకు వంగినప్పుడు వీపు ఒకవైపు ఉబ్బెత్తుగా నున్నదా? పాలు త్రాగునప్పుడు మాటిమాటికి ఆగి రొప్పుచున్నదా? బరువు పెరుగుట లేదా? మరల మరల నిమ్ము చేయుచున్నదా? ఊపిరి కొరకే బలమంత వ్యయమగు బిడ్డకు, తిన్న తిండి ఒంటపట్టుట కష్టమగును. వీనిలో ఏది కనబడినను వైద్యునకు చూపవలెను.

ఊపిరులను గడియారము చూచి పూర్తిగా ఒక నిమిషము లెక్కింపవలెను. 2 నెలల లోపు శిశువునకు 60 గాని అంతకు మించి గాని, 2 నెలల నుండి ఏడాది లోపు బిడ్డకు 50 గాని అంతకు మించి గాని, 1 నుండి 5 ఏండ్ల లోపు బిడ్డకు 40 గాని అంతకు మించి గాని ఉన్నచో అది వేగపు శ్వాస. బిడ్డ డొక్కలెగురవేయుచున్నను, పెదవులు నీలముగా మారినను, పాలు త్రాగలేకున్నను వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను; మరునాటి వరకు ఆగరాదు.

డొక్కలెగురవేయు బిడ్డకు పొట్టపై వాతలు పెట్టుట కొన్నిచోట్ల నేటికిని విడిచిపెట్టని దురాచారము. వాత వలన ఊపిరి పెరుగదు. బిడ్డకు నొప్పియు, పుండును మాత్రమే మిగులును. అమూల్యమైన కాలము వ్యర్థమగును. అట్లే వంకరను సరిచేయుదుమని ఛాతీని గట్టిగా నొక్కి మర్దన చేయుట, అంగడిలో కొన్న పట్టీలను బిగించి కట్టుట కూడదు. అసలే కదలలేని ఛాతీని అవి మరింత బంధించును. వైద్యుడు కొలత తీసి చేయించిన పట్టీని మాత్రమే వాడవలెను.

2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమున వైద్య బృందములు అంగన్‌వాడీలకు, ప్రభుత్వ పాఠశాలలకు వచ్చి పిల్లలను పరీక్షించును. పుట్టుకతో వచ్చిన లోపములు, పోషక లోపములు గల పిల్లలను జిల్లా సత్వర చికిత్సా కేంద్రమునకు పంపును. పరీక్ష జరుగు దినమున బిడ్డను తప్పక పంపవలెను. బృందము వచ్చినప్పుడు, ఇంట గమనించిన సంగతిని ఆశా కార్యకర్తకో, వైద్యునకో చెప్పుటకు సంకోచింపరాదు. తల్లి చూపు ఒక నిమిషపు పరీక్ష కాదు. అది రాత్రింబగళ్లు సాగు పరీక్ష.

ఫిలడెల్ఫియాలోని యంత్రము వేల చిత్రములు తీసి అడుగు ప్రశ్నయు, గ్రామ వైద్యుని బొటనవ్రేళ్లు అడుగు ప్రశ్నయు ఒక్కటే: ఈ బిడ్డ ఛాతీ ఏ వైపున ఎంత కదలుచున్నది? ఆ ప్రశ్నను బిడ్డ నాలుగైదేండ్ల వాడుగా నున్నప్పుడే అడిగినచో చేయదగిన మేలు ఎంతయో కలదు. పదునైదేండ్లకు అడిగినచో మిగులు మార్గములు తక్కువ. కనుక నేటి రాత్రి బిడ్డ నిద్రించునప్పుడు దీపము వెలుగున ఆ చిన్న ఛాతీ లేచి పడుటను ఒక నిమిషము చూడవలెను. అది రెండువైపుల సమముగా లేచుచున్నచో సంతోషింపవలెను. లేనిచో తెల్లవారగానే వైద్యుని యొద్దకు బయలుదేరవలెను.